మినహాయింపు అని నేనే రాశాను

నా చేతిరాత బాగుంటుందని చిన్నప్పటి నుంచి పేరు. జనగామ దగ్గర మా ఊరి బడిలో పంతులు నా పలకను తీసుకుని పిల్లలందరికీ చూపించేవాడు. తర్వాత వ్యవసాయ కళాశాలలోనూ ఉద్యోగంలోనూ ఎక్కడికి వెళ్ళినా రిజిస్టర్లు రాసే పని నాకే వచ్చి పడింది. గొప్పకు చెప్పడం లేదు. ఒక మనిషికి నేను చేసిన అన్యాయం ఆ చేతిరాతతోనే మూడేళ్ళపాటు నెలనెలా గుండ్రంగా, ఎవరు చదివినా అర్థమయ్యేట్టు నమోదైంది.

నేను పురుగుల శాస్త్రవేత్తను. పైరుకు పట్టే పురుగులను పరిశీలించి ఎప్పుడు ఏ మందు కొట్టాలో, అసలు కొట్టాలో వద్దో రైతులకు చెప్పడం నా పని. జనగామలో మా కేంద్రం చిన్నది. పెద్దసారు అని మేమంతా పిలిచే అధికారి, ఆయన తర్వాత నేను, నా కింద ముగ్గురు కుర్రవాళ్ళు, ఒక అమ్మాయి. అమ్మాయి అని రాశాను చూశారా? ఆమె డాక్టరేట్ చేసిన శాస్త్రవేత్త, వయసు ముప్పై దాటింది. ఆ ముగ్గురినీ ఎవరికైనా పరిచయం చేయాలంటే ‘మా సైంటిస్టులు’ అనేవాణ్ణి. ఆమెను మాత్రం ‘మా అమ్మాయి’ అనేవాణ్ణి. ఇప్పటికీ కలం అలవాటుగా అటే పోతోంది. కొట్టెయ్యకుండా అలాగే ఉంచుతున్నాను, నా సంగతి మీకు ముందే తెలియడం మంచిది.

ఆమెది కురవి పక్కన ఒక తండా. ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు. మూడింటిలోనూ తడుముకోకుండా మాట్లాడుతుంది. సోమవారం పొద్దున్నే మహబూబాబాద్‌లో, అంటే మా మానుకోటలో, రైలెక్కి జనగామలో దిగేది. వారమంతా ఇక్కడే ఒక గదిలో ఉండి శనివారం ఇంటికి వెళ్ళేది. పని విషయంలో ఆమెను వేలెత్తి చూపడానికి మాకెవరికీ సందు దొరకలేదు. దొరకలేదు కాబట్టి వేరే విషయాలు మాట్లాడేవాళ్ళం. పెద్దసారు సమావేశంలో ఆమెను ఏదైనా అడిగితే ఆమె జవాబు చెప్పేది. చెప్పాక ఆయన నా వైపు తిరిగి "అంతేనా?" అనేవాడు. నేను తలూపేవాణ్ణి. నేను తలూపితేనే ఆమె చెప్పింది నిజమైనట్టు. ఆ ముగ్గురు కుర్రవాళ్ళు చెప్పినప్పుడు ఆయన నా వైపు తిరిగిన గుర్తు లేదు. సమావేశంలో ఎవరైనా ముతక హాస్యమాడి, వెంటనే నాలుక కరుచుకుని "అరె, మేడం ఉన్నరు గద" అంటే అందరం నవ్వేవాళ్ళం. నేను కూడా నవ్వాను. హాస్యానికి కాదు, నవ్వకపోతే బాగుండదని నవ్వాను. దానివల్ల నవ్వు తేలికైందేమీ కాదు.

ఇక ఆ రిజిస్టరు సంగతి. మా పని సగం పొలాల్లోనే. జనగామ చుట్టుపక్కల మండలాలకు వెళ్తే దగ్గర టూరు. మానుకోట జిల్లాలో అడవి వైపున్న కొత్తగూడకో, భూపాలపల్లి వైపు ఊళ్ళకో వెళ్తే దూరం టూరు. ప్రతి నెలా మొదటి రోజున ఎవరు ఎక్కడికి వెళ్ళాలో నేను రాస్తాను. వెళ్ళని వాళ్ళ పేరుకు ఎదురుగా చివరి గడిలో కారణం రాయాలి. సెలవు అనో, ఆరోగ్యం బాగాలేదనో, మినహాయింపు అనో. మినహాయింపు అంటే ఆ మనిషి తనంతట తాను ‘నన్ను పంపకండి’ అని కోరితే ఆఫీసు ఒప్పుకుందని అర్థం.

ఆమె చేరిన కొత్తలో ఒకసారి కొత్తగూడ వెళ్ళాం. జీపులో ముందు నేను, వెనక ఆమె, ఇంకో కుర్రాడు. ఆ ఏడు మిరపకు తామర పురుగు పట్టి రైతులు గోడుగోడుమంటున్నారు. ఊరి మొదట్లో మగవాళ్ళు నిలబడి ఉంటే వాళ్ళతో మాట్లాడాను. "మందు కొట్టినం సార్, ఇప్పుడేం లేదు" అన్నారు. నేను రాసుకున్నాను. తిరిగి చూస్తే ఆమె లేదు. చెప్పకుండా ఎటు పోయిందని చిరాకుపడ్డాను. కాసేపటికి చేనులోంచి ఒక ముసలామెను వెంటబెట్టుకుని వచ్చింది. ముసలామె చేతిలో నాలుగు మిరప పూలు. ఒక పువ్వును అరచేతిలో దులిపి నా ముఖం ముందు పెట్టింది. సన్నటి నల్లటి పురుగులు గీతల మీద అటూ ఇటూ పరుగెత్తాయి. ఆకుల్లో పోయిందనుకున్నది పూలలో దాక్కుని ఉంది. ముసలామె తండా మాటలో ఏదో అని నవ్వింది.

"ఏమంటుందమ్మా?" అన్నాను.

"మందు కొట్టేది మగోళ్ళు, పొద్దంత చెట్టు ముందర కూసునేది మేము అంటుంది సార్ అవ్వ" అంది ఆమె.

ఆ నెల నివేదికలో నేను ‘మేము గమనించినది ఏమనగా’ అని రాశాను. పెద్దసారు నా భుజం తట్టాడు. నేను తట్టించుకున్నాను.

ఆ రోజు ఇంకొకటి జరిగింది. మధ్యాహ్నం దాటాక ఆమె ముసలామె చెవిలో ఏదో చెప్పి ఇద్దరూ ఇళ్ళ వెనక్కి వెళ్ళారు. ఎందుకో నాకు అర్థమైంది. జీపు దగ్గర నిలబడి ఎటు చూడాలో తెలియక పక్కనున్న కుర్రాడితో వర్షాల గురించి మాట్లాడాను. అయిదు నిమిషాల్లో ఆమె మామూలుగా తిరిగొచ్చి జీపెక్కింది. ఆమెకు ఏ ఇబ్బందీ కలగలేదు. చెమటలు పట్టింది నాకు. మా ఇంట్లో అక్కచెల్లెళ్ళ మధ్య పెరిగి కూడా ఆడవాళ్ళు దారిలో ఏం అవస్థ పడతారో ఏనాడూ ఆలోచించినవాణ్ణి కాను. ఒక్కసారి ఆలోచించాల్సి వచ్చేసరికి తట్టుకోలేకపోయాను. ఇంటికొచ్చి నా భార్యతో "పాపం, ఆడపిల్ల, అంత దూరం తీసుకపోవుడు తప్పు" అన్నాను. నా ఇబ్బందికి ఆమె పేరు పెట్టాను.

తర్వాతి నెల రిజిస్టరు ముందు కూర్చుని కొత్తగూడ అని రాసి ముగ్గురు కుర్రవాళ్ళ పేర్లు రాశాను. ఆమె పేరు ఎదురుగా కారణం రాయాలి కదా. సెలవు కాదు, ఒంట్లో బాగానే ఉంది. మినహాయింపు అని రాశాను. చాలా మంచి పని చేసినట్టు అనిపించింది.

ఆమె అదే రోజు నా గదిలోకి వచ్చింది.

"సార్, దూరం టూర్ల నా పేరు లేదు."

"ఎందుకమ్మా, పాపం, అంత దూరం? అడవి. దారి సుత మంచిగ లేదు. నీకు జనగామ దగ్గరియి ఇస్త."

"నాకేం తక్లీఫ్ లేదు సార్."

"నాకు తెలుసమ్మా. మా చెల్లెనైనా గిట్లనే చూసుకుంట."

ఆ చివరి మాట తర్వాత ఆమె ఇంకేమీ అనలేదు. అనడానికి నేను చోటు మిగల్చలేదు. అన్నగా మాట్లాడేవాడితో కొట్లాడితే చెల్లెలిదే తప్పవుతుంది. మా వైపు ఆ వరస కలిపామంటే అవతలివాళ్ళ నోరు మూసినట్టే. అది తెలిసి అన్నానా, తెలియక అన్నానా అని ఇప్పుడు ఎంత తవ్వుకున్నా తేలడం లేదు. మూడు నాలుగు నెలల తర్వాత కాగితం మీద రాసి ఇచ్చింది, దూరం టూర్లకు తననూ పంపమని. చదివి, పట్టుదల గల పిల్ల అని ముచ్చటపడి డ్రాయర్లో పెట్టాను. ఆ నెలా మినహాయింపు అనే రాశాను. అట్లా మూడేళ్ళు.

నాకు ఇంత తెలివి ఎందుకు లేకపోయింది అంటే, ఉంది. అదే నా బాధ. నేను కోస్తా వైపు కాలేజీలో పెద్ద చదువు చదివాను. నా మాట విని తరగతిలో నవ్వేవాళ్ళు. ‘ఏంది’ అంటే నవ్వు, ‘ఎట్ల’ అంటే నవ్వు. నవ్వినవాళ్ళ మీద నాకు ఇప్పుడు కోపం లేదు. ఒక మంచివాడి మీదే ఉంది. నాకంటే పై తరగతివాడు. సెమినారులో నేను చదవాల్సిన వ్యాసాన్ని నా చేతిలోంచి తీసుకుని, "పాపం, నిన్ను చూసి నవ్వుతారయ్యా, నీ బదులు నేను చదువుతాలే" అన్నాడు. చదివాడు, చప్పట్లు కొట్టించుకున్నాడు. వెనక బెంచీలో కూర్చుని నేనూ కొట్టాను. పాపం అన్న మాటలో జాలి ఉంది, ఇంకో అర్థమూ ఉంది. ఆ రోజు ఆ రెండో అర్థం నాకు బాగానే తెలిసింది. తెలిసినవాణ్ణే ముప్పై ఏళ్ళ తర్వాత అదే మాట ఇంకొకరి మీద వాడాను.

భూపాలపల్లిలో మాది చిన్న ఉపకేంద్రం ఒకటి పెడతారని వార్త వచ్చింది. పత్తి, మిరప పురుగుల మీద నిఘా పెట్టే కేంద్రం. దానికి ఒక బాధ్యుణ్ణి మా వాళ్ళలోంచే ఎంచుకోవాలి. మా నలుగురిలో ఆ పని అందరికంటే ఎక్కువగా కోరుకున్నది ఆమే. ఆ జిల్లా పురుగుల లెక్కలన్నీ మిగతావాళ్ళు తెస్తే కూర్చుని పట్టికలు వేసింది ఆమె. ఏ ఊళ్ళో ఏ నెలలో పూత పురుగు మొదలవుతుందో కాగితం చూడకుండా చెప్పగలదు. దరఖాస్తు ఇచ్చిన రోజు నా గదిలోకి వచ్చి, "సార్, ఇది నాకొస్తే నా సొంతంగ ఒక పని చేసినట్టయితది" అంది. మూడేళ్ళలో నాతో తన గురించి చెప్పుకున్నది ఆ ఒక్క మాటే. నేను "నీకే వస్తదమ్మా" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

ఎంపికకు అయిదుగురం కూర్చున్నాం. పెద్దసారు, బయటి నుంచి వచ్చిన ముగ్గురు అధికారులు, నేను. అయిదుగురం మగవాళ్ళమే అని ఆ రోజు నాకు తట్టను కూడా లేదు. ఆమె ఇంటర్వ్యూ బాగా జరిగింది. ఆమె బయటికి వెళ్ళాక బయటి అధికారి ఒకాయన నా రిజిస్టరు తెప్పించుకుని పేజీలు తిప్పాడు. రాత ఎవరిదో చాలా బాగుందన్నాడు. ఆ తర్వాత వేలు ఒకచోట ఆపి, "ఈమె ప్రతి నెలా మినహాయింపు తీసుకుంది గదండి. కొత్తగూడకే పోనామె భూపాలపల్లి ఏం చూస్తది?" అన్నాడు.

"ఆడవాళ్ళు గద సార్. మా సారు పాపం మంచిగ చూసుకుంటడు వాళ్ళని" అన్నాడు పెద్దసారు, నన్ను చూపిస్తూ.

అందరూ నా వైపు మెచ్చుకోలుగా చూశారు. ‘ఆమె తీసుకోలేదు సార్, నేను ఇచ్చాను’ అంటే చాలు. అంత చిన్న మాట. అనలేదు. అంటే ఆ మంచివాణ్ణి కాకుండా పోతాను. కోరని మినహాయింపు ఎందుకు రాశావని అడుగుతారు. డ్రాయర్లో కాగితం సంగతి వస్తుంది. ఇవన్నీ అప్పుడే ఆలోచించానని చెప్పలేను. టీ వచ్చింది. కప్పు అందుకుని తాగాను. అది చల్లారిపోతుందేమో అన్నంత శ్రద్ధగా తాగాను. కప్పు ఖాళీ అయ్యేసరికి ముగ్గురు కుర్రవాళ్ళలో ఒకతని పేరు ఖాయమైంది. అతను మంచివాడే, పనిమంతుడే. అది వేరే సంగతి.

రెండు రోజుల తర్వాత బోర్డు మీద కాగితం అంటించారు. ఆమె చదివి నేరుగా నా గదికి వచ్చింది. ఏడవలేదు. ఏడిస్తే ఓదార్చడానికి నేను సిద్ధంగా ఉన్నాను. ఇది కూడా రాయాల్సిందే.

"సార్, ఒక్కటే అడుగుత. నేను మినహాయింపు ఎప్పుడడిగిన?"

నేను బల్ల మీది రిజిస్టరు మూసి పక్కకు జరిపాను.

"పెద్దసారు చెప్పిండు. రిజిస్టర్ల అట్ల ఉన్నదట. రాసింది మీరే. సరే, రాసిన్రు. ఆడ కూసున్నప్పుడన్న చెప్పాలె గద సార్."

"చెప్దామనే అనుకున్ననమ్మా" అన్నాను. అది కూడా అబద్ధమే. ఆమె ల్యాబులోకి వెళ్ళి, సగంలో ఆపిన ఆకుల పొట్లాలు విప్పుకుంది.

ఆ ఆదివారం రైలెక్కి మానుకోటలో దిగి ఆటోలో కురవి వెళ్ళాను. ఇంట్లో వీరభద్రస్వామి దర్శనానికని చెప్పాను. దర్శనం చేసుకున్నాను కూడా, కానీ కళ్ళు మూసుకుంటే దేవుడి ముందు ఏం అడగాలో తెలియలేదు. అక్కడి నుంచి ఆమె తండాకు వెళ్ళాను. ఇంటి ముందు మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. ఘాటుకు తుమ్ములు ఆగలేదు. వాళ్ళమ్మ నీళ్ళు ఇచ్చి, మంచం వాల్చి కూర్చోబెట్టింది. బిడ్డ ఆఫీసు సారు ఇంటికొచ్చాడని ఆ తల్లికి సంతోషం. బిడ్డ మాత్రం గడప దగ్గర నిలబడే ఉంది.

ఎలా మొదలుపెట్టాలో తెలియక వాళ్ళమ్మతోనే మొదలుపెట్టాను. "అమ్మా, నీ బిడ్డ మీద ప్రేమతోనే కొత్తగూడ అడవికి పంపలే నేను. అది తప్పయింది" అన్నాను.

వాళ్ళమ్మకు సరిగా అర్థం కాలేదు. బిడ్డ తమ మాటలో చెప్పింది. విని వాళ్ళమ్మ ముందు నా వైపు, తర్వాత బిడ్డ వైపు చూసి, వచ్చీరాని తెలుగులో నాతోనే అంది.

"కొత్తగూడనా? ఆడ ఏం అడవి సార్? ఈమె కడుపుల ఉన్నప్పుడు నేను ఆడ్నే మిర్పకాయ ఏరిన. నెల రోజులు ఆడ్నే ఉన్నం."

అని, ఇందులో తప్పేమిటో తెలియక నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. తల్లి కూలికి పోయిన చేనుకు కూతురు శాస్త్రవేత్తగా వెళ్ళకుండా మూడేళ్ళు అడ్డం కూర్చున్నాను. అది వాళ్ళ నేల. నాకే అది అడవి.

ఆటో దాకా సాగనంపడానికి ఆమె వచ్చింది. "నన్ను మాఫ్ చెయ్యమ్మా" అన్నాను.

"మా అమ్మ ముందర ఎందుకు చెప్పిన్రు సార్? ఆమెకేం చేసిన్రు? చెప్తే ఆ అయిదుగురి ముందర చెప్పున్రి" అంది.

సోమవారం పెద్దసారు గదికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసి మొత్తం చెప్పాను. ఆయన విని, కుర్చీలో వెనక్కి వాలి, "ఇప్పుడదంత ఎందుకు సార్? ఆర్డరు పోయింది. ఆ పిల్లగానిది తీసేస్తమా? ఆమెకు మళ్ళొకటి వస్తది తియ్. మీరు ఊకె మనసుకు పెట్టుకుంటరు" అన్నాడు. బయటికొచ్చేసరికి ప్రాణం తేలికపడింది. నా వంతు నేను చేశాను అనిపించింది. ఆ తేలికతోనే ల్యాబులోకి వెళ్ళి ఆమెకు చెప్పాను.

"తలుపేసుకొని చెప్పిన్రా?"

"అవునమ్మా."

"నా మీద మాట అందరి ముందర పడ్డది సార్. మీ తప్పు మాత్రం గదిల చెప్పుకున్నరు" అని సూక్ష్మదర్శిని మీదికి వంగింది. నా ప్రాణం మళ్ళీ ఎప్పటిలాగే బరువెక్కింది. బరువుగా ఉండటమే న్యాయమని అప్పటికి తెలిసొచ్చింది.

భూపాలపల్లిలో కొత్త కేంద్రం తెరిచిన రోజు అందరం వెళ్ళాం. బొగ్గు గనుల నుంచి షిఫ్టు దిగి వచ్చే బస్సులు దారి పొడవునా ఎదురొచ్చాయి. అద్దెకు తీసుకున్న రెండు గదుల ఇల్లు, ముందు షామియానా, ఓ యాభై కుర్చీలు, చుట్టుపక్కల రైతులు. ఎంపిక చేసిన అయిదుగురిలో నాతో కలిపి నలుగురు అక్కడున్నారు. పెద్దవాణ్ణని నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. జేబులో రాసుకొచ్చిన కాగితం ఉంది, శుభాకాంక్షలతో. తీయలేదు.

"ఈ కేంద్రం బాధ్యత ఇంకొకరికి రావలసింది" అన్నాను. ఆమెను చూపించలేదు, హోదాతో సహా పేరు చెప్పాను. "దూరం టూర్లకు పోనని ఆమె ఎన్నడూ అడగలేదు. పంపమని కాగితం రాసిచ్చింది. అది నేను డ్రాయర్లో పెట్టుకున్నాను. మినహాయింపు అని రిజిస్టరులో రాసింది నేను. కమిటీలో ఆ మాట వచ్చినప్పుడు తెలిసి కూడా మాట్లాడలేదు. మిరప పూలలో పురుగు మొదట కనిపెట్టింది కూడా ఆమే. నివేదికలో మేము అని రాసుకున్నాను."

రైతులు ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఆమె తల వంచుకుని నోటుపుస్తకంలో ఏదో రాసుకుంటూనే ఉంది. నేను కూర్చున్నాక పెద్దసారు పళ్ళు బిగించి, "శుభమా అని మొదలుపెట్టుకుంటే ఏంది సార్ ఇది?" అన్నాడు. ఆయన ఆ తర్వాత వారం నాతో సరిగా మాట్లాడలేదు. కొత్త బాధ్యత తీసుకున్న కుర్రాడు మాత్రం భోజనాల దగ్గర నా పక్కకు వచ్చి, "ఆమె కాగితం మీ డ్రాయర్ల ఉన్నదని నాకు ఎరుకే సార్. నేను సుత ఊకున్న. నాకొస్తదని ఊకున్న" అన్నాడు. పళ్ళెంలో అన్నం అలాగే వదిలేశాడు. నేను అతన్ని ఏమీ అనలేకపోయాను. ఏ ముఖంతో అంటాను? ఆ కేంద్రం మొదటి నివేదికలో పట్టికలు ఎవరివో ఆమె పేరుతో సహా అతను రాశాడు. ఆ పని నేను మూడేళ్ళ కిందటే చేసి ఉండాలి.

ఆర్డరు మారలేదు. మారుతుందని ఎవరూ అనుకోలేదు. ఆమె మాత్రం ఊరుకోలేదు. రిజిస్టరు సరిచేయమని, రేపు మానుకోటలోనో ఇంకోచోటో ఇంకో కేంద్రం వస్తే అబద్ధపు రాత మళ్ళీ తనకు అడ్డం రాకూడదని రాసిచ్చింది. షామియానా కింద అంతమంది విన్నాక పెద్దసారు కాదనలేకపోయాడు. నేను రాసిన ప్రతి ‘మినహాయింపు’ మీదా గీత కొట్టి, పక్కన ‘అధికారి పంపలేదు’ అని రాసి సంతకం చేయాలి. ఒక మధ్యాహ్నం ఇద్దరం కూర్చున్నాం. ఆమె నెల పేరు చదివేది, నేను గీత కొట్టేవాణ్ణి. చదివేది, కొట్టేవాణ్ణి. మొదటి పేజీలో చెయ్యి బాగానే నడిచింది. తర్వాత ఒక్కొక్క నెలా నాకు గుర్తుకు రావడం మొదలైంది. ఈ నెల ఆమె నా గదికి వచ్చింది, ఈ నెల కాగితం ఇచ్చింది, ఈ నెల పెద్దసారు నన్ను మెచ్చుకున్నాడు. కలం ఆగింది.

"రాయున్రి సార్, ఇంక మస్తున్నయి" అంది. ఆ గొంతులో కోపం లేదు. పని తొందర ఉంది, అంతే.

అన్నీ అయ్యాక నేను కాసేపు ఎదురుచూశాను. ఆమె ఏదైనా అంటుందని. అయిపోయిందనో, పోనీలెండి సార్ అనో. ఆమె అనలేదు. కొత్త నెల టూరు కాగితం నా ముందు పెట్టింది. నేను ఉత్సాహంగా కలం తీసి కొత్తగూడ అని రాసి, అందరికంటే పైన ఆమె పేరు రాశాను. రాసి ఆమె వైపు చూశాను, మెచ్చుకుంటుందని.

"ఎవల్నడిగి రాసిన్రు సార్?" అంది.

నాకు అర్థం కాలేదు.

"అప్పుడు వద్దని రాసినప్పుడు నన్ను అడగలే. ఇప్పుడు పొమ్మని రాసినప్పుడు సుత అడగలే. మీరు మంచోళ్ళయినా, చెడ్డోళ్ళయినా నా పేరు మీ చేతులనేనా?"

ఈ దెబ్బ మిగతా అన్నింటికంటే గట్టిగా తగిలింది. మూడేళ్ళు ఆమెను కాపాడాననుకున్నాను. ఇప్పుడు ఆమెకు న్యాయం చేస్తున్నాననుకున్నాను. రెండుసార్లూ కుర్చీలో కూర్చున్నది నేనే. రెండు నెలల్లో నా ఉద్యోగం అయిపోతుంది. పెన్షన్ కాగితాలతో పాటు ఇది కూడా ఇంటికి తీసుకెళ్తాను.

"ఎక్కడికి పోతవమ్మా?" అని అడిగాను. ఆమెను ఆ మాట అడగడం అదే మొదటిసారి.

"భూపాలపల్లి" అంది.

తనకు రావలసిన కుర్చీలో ఇంకొకరు కూర్చున్న ఇంటికి, అతని కింద పురుగుల లెక్కలు తీయడానికి. ఎందుకమ్మా అక్కడికి, ఊరికే మనసు కష్టపెట్టుకుంటావు అనబోయాను. నోటి దాకా వచ్చింది, అంతే ప్రేమగా, అంతే పెద్దరికంగా. ఆమె నన్నే చూస్తోంది. నాలుక కరుచుకుని కొత్తగూడ కొట్టేసి, భూపాలపల్లి అని రాశాను. నా జీవితంలో నేను రాసిన అక్షరాల్లో అంత వంకరగా వచ్చినవి ఇంకెక్కడా లేవు.